సంస్థాగత పోర్టళ్లలో అదనపు ప్రొఫైల్ లక్షణాలు

ఒక సంస్థ తన ఉద్యోగుల కోసమో విద్యార్థుల కోసమో నడిపే పోర్టల్‌లో ప్రతి వ్యక్తికీ ఒక ప్రొఫైల్ ఉంటుంది. పేరు, ఫోన్ నంబరు, ఈమెయిలు, హోదా, శాఖ వంటి వివరాలకు గడులు సాఫ్ట్‌వేర్‌తోపాటే వస్తాయి. ఆ గడులు చాలనప్పుడు సంస్థ తన పనికి కావలసిన వివరాలను తానే నిర్వచించి చేర్చుకుంటుంది. వీటినే అదనపు లక్షణాలు అంటారు. సాఫ్ట్‌వేర్ పనివాళ్ల వాడుకలో ఇవి కస్టమ్ ఫీల్డులు. కార్యాలయాల్లో ‘కొత్త కాలమ్ పెట్టారు’ అంటే చాలు, విషయం అందరికీ అర్థమవుతుంది.

ఈ వ్యాసం లక్షణాల చరిత్ర, రకాలు, నిల్వ, చేర్చే పద్ధతి, అనుమతులు, చట్టపు హద్దులను వివరిస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల నమోదు నుంచి, అందులోనూ పల్నాడు జిల్లా వెల్దుర్తి మండలంలో పనిచేసే ఉపాధ్యాయుని ప్రొఫైల్‌లో ఉండవలసిన వివరాల నుంచి తీసుకున్నవి.

పరిభాష

లక్షణం అంటే ఒక వ్యక్తి గురించి పోర్టల్ దాచే ఒక వివరానికి నిర్వచనం. విలువ అంటే ఆ నిర్వచనం కింద ఒక వ్యక్తికి నమోదైన సమాచారం. ‘పనిచేసే మండలం’ లక్షణమైతే ‘వెల్దుర్తి’ దాని విలువ. లక్షణాల నిర్వచనాలన్నీ కలిసిన చట్రాన్ని స్కీమా అంటారు. లక్షణానికి రెండు పేర్లుంటాయి. కంప్యూటరు వాడే కీ ఒకటి, తెరమీద కనిపించే లేబుల్ మరొకటి. లేబుల్‌ను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఎన్ని భాషల్లోనైనా చూపవచ్చు. కీని మారిస్తే దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి.

పూర్వరంగం: సర్వీసు రిజిస్టరు

కంప్యూటర్లకు ముందే ప్రభుత్వ ఉద్యోగికి ప్రొఫైల్ ఉంది. అది సర్వీసు రిజిస్టరు, వాడుకలో ‘ఎస్సార్’. దాని మొదటి పుటలో పేరు, తండ్రి పేరు, నివాసం, పుట్టిన తేదీ, కొలిచిన ఎత్తు, గుర్తింపుకు పుట్టుమచ్చలు, వేలిముద్రలు ఉంటాయి. తర్వాతి పుటల్లో నియామకం, ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలు తేదీల వారీగా ఎక్కుతాయి. ప్రతి నమోదు కింద అధికారి సంతకం ఉండాలి. పుట్టిన తేదీని సొంతంగా దిద్దుకునే వీలు ఉద్యోగికి లేదు. నేటి పోర్టళ్లలో ‘ఉద్యోగి చూడవచ్చు, మార్చలేడు’ అనే అనుమతి ఈ క్రమశిక్షణ నుంచి చాలా దూరమేమీ కాదు.

అచ్చు ఫారంలో లేని వివరం వస్తే గుమాస్తా దాన్ని చివరి ‘రిమార్కులు’ గడిలో రాసేవాడు. గ్రామ లెక్కల్లో అడంగల్‌లోనూ ఇదే పద్ధతి. రిమార్కుల గడిలో దేన్నైనా రాయవచ్చు. అయితే అందులోని విషయాన్ని లెక్కించడం గానీ క్రమంలో పేర్చడం గానీ కుదరదు. అదనపు లక్షణం చేసే పని, రిమార్కుల్లో పడి ఉన్న ఒక వివరానికి సొంత గడి ఇవ్వడమే.

డైరెక్టరీ ప్రమాణాలు

కంప్యూటర్ నెట్‌వర్కుల్లో వ్యక్తుల వివరాలకు ఉమ్మడి నిర్వచనాలు 1988లో వచ్చిన ఎక్స్.500 ప్రమాణంతో కుదురుకున్నాయి. అది బరువైన ఏర్పాటు. దాన్ని అందుకోవడానికి తేలికైన మార్గంగా మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఎల్‌డాప్ 1993లో ప్రమాణ పత్రంగా వెలువడింది. దాని మూడో సంచిక 1997లో వచ్చింది. ప్రతి లక్షణానికీ ప్రపంచంలో మరి దేనికీ ఉండని అంకెల గుర్తు ఇవ్వడం ఈ కుటుంబం నేర్పిన ముఖ్యమైన అలవాటు. సొంత లక్షణాలు చేర్చుకోదలచిన సంస్థకు ఇంటర్నెట్ నంబర్లను పర్యవేక్షించే ఐయానా సంస్థ ఒక నంబరు కేటాయిస్తుంది. ఆ నంబరు కింద సంస్థ ఎన్ని లక్షణాలైనా నిర్వచించుకోవచ్చు.

2000 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2798 ‘ఐనెట్‌ఆర్గ్‌పర్సన్’ అనే తరగతిని నిర్వచించి ఉద్యోగి సంఖ్య, వాహన నంబరు, ఇష్టభాష వంటివాటికి చోటిచ్చింది. విశ్వవిద్యాలయాలు 2001 నుంచి ‘ఎడ్యుపర్సన్’ తరగతిని వాడుతున్నాయి. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ 2000లో విండోస్‌తోపాటు వచ్చింది. వేర్వేరు సేవల మధ్య వినియోగదారుల వివరాలు పంపడానికి 2015లో వెలువడిన స్కిమ్ ప్రమాణం అదనపు లక్షణాలను ఒక పద్ధతిలో పెట్టింది. మూల స్కీమాను ముట్టుకోకుండా, విడి పేరుతో ఒక విస్తరణ స్కీమాను పక్కన చేర్చాలి. ఉద్యోగి సంఖ్య, కాస్ట్ సెంటర్, విభాగం, పై అధికారి వంటి వివరాలతో ఒక ‘ఎంటర్‌ప్రైజ్’ విస్తరణను ఆ ప్రమాణమే నమూనాగా ఇచ్చింది.

వెల్దుర్తి ఉదాహరణ: సిద్ధ లక్షణాలు చాలని చోటు

పోర్టల్‌తో వచ్చే ‘ఊరు’, ‘జిల్లా’ గడులు చూడడానికి సరిపోతాయనే అనిపిస్తాయి. వెల్దుర్తి విషయంలో రెండూ చాలవు.

మొదటిది ఊరిపేరు. పల్నాడులో ఒక వెల్దుర్తి మండలం ఉంది. కర్నూలు జిల్లాలో ఇంకొకటి ఉంది. తెలంగాణలోని మెదక్ జిల్లాలో మరొకటి. ఇంగ్లిషులో రాసేటప్పుడు చివరి ‘తి’కి కొందరు హెచ్ అక్షరం చేరుస్తారు, కొందరు చేర్చరు. ఊరిపేరును స్వేచ్ఛగా టైపు చేయనిస్తే ఒకే ఊరికి రెండు రాతలు, మూడు ఊళ్లకు ఒకే రాత ఏర్పడతాయి. అందుకే స్థలాన్ని పేరుతో కాక కోడ్‌తో నమోదు చేయాలి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ (ఎల్‌జీడీ) జిల్లాలకు, మండలాలకు, గ్రామాలకు విడి కోడ్‌లు ఇస్తుంది. పాఠశాలలకైతే 11 అంకెల యూడైస్ కోడ్ ఉంది.

రెండోది జిల్లా. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. గుంటూరు జిల్లాలో ఉన్న వెల్దుర్తి ఆ రోజు నుంచి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి వచ్చింది. ఉపాధ్యాయుడు బడి మారలేదు, ఇల్లు మారలేదు. అతని ప్రొఫైల్‌లో జిల్లా మాత్రం మారాలి. అయితే దాన్ని పూర్తిగా మార్చేస్తే చిక్కు. ఉపాధ్యాయ నియామకాలకు పాత జిల్లాయే యూనిట్‌గా కొనసాగింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు వెలువడిన మెగా డీఎస్సీ కూడా ఉమ్మడి జిల్లాల ప్రాతిపదికనే జరిగింది. కాబట్టి వెల్దుర్తిలో పనిచేసే ఉపాధ్యాయునికి ‘పనిచేసే జిల్లా: పల్నాడు’, ‘ఉమ్మడి జిల్లా: గుంటూరు’ అని రెండు గడులు కావాలి. సిద్ధంగా వచ్చే ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ రెండో గడి ఉండదు. ప్రపంచంలో మరెక్కడా దాని అవసరం రాకపోవచ్చు కూడా.

ఇక్కడ మూడో పొర స్థానికత. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఉద్యోగ నియామకాల్లో స్థానిక అభ్యర్థిని నిర్వచించింది. ఆ ఉత్తర్వు ప్రకారం గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలు మూడో జోన్. ఒకరి స్థానికత పుట్టిన ఊరిని బట్టి కాక ప్రధానంగా చదువుకున్న చోటును బట్టి తేలుతుంది. అందువల్ల సొంత ఊరు, పనిచేసే ఊరు, స్థానిక జిల్లా మూడూ వేర్వేరు లక్షణాలు. ఒకదాన్నుంచి మరొకదాన్ని ఊహించే ప్రోగ్రాము తప్పు రాసినట్టే.

ఇవి కాక పాఠశాల యాజమాన్యం (ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్), జీతం బిల్లు పెట్టే అధికారి (డీడీవో) కోడ్, సబ్జెక్టు, ప్రస్తుత బడిలో చేరిన తేదీ, బడి ఏ కేటగిరీలో ఉంది, దంపతుల కోటా, వైకల్య శాతం వంటివి బదిలీల సమయంలో అవసరమవుతాయి. 2025లో వచ్చిన ఉపాధ్యాయ బదిలీల నియంత్రణ చట్టం తర్వాత ఈ గడుల బరువు ఇంకా పెరిగింది. బడి కేటగిరీ, సర్వీసు కాలం, ప్రత్యేక పరిస్థితులు పాయింట్లుగా మారతాయి. ఒక గడిలో తప్పు విలువ ఉంటే పక్క పట్టణం మాచర్లకు దగ్గరగా ఉండాలనుకున్న వ్యక్తి జిల్లా మరో కొసకు వెళ్లవలసి రావచ్చు. బదిలీల షెడ్యూలు రాగానే ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో ‘టీఐఎస్ (ఉపాధ్యాయ సమాచార వ్యవస్థ) అప్‌డేట్ చేసుకోండి’, ‘ఎడిట్ ఆప్షన్ ఇచ్చారు’, ‘ఫ్రీజ్ అయింది’ అన్న మాటలు తిరిగేది ఇందుకే.

రకాలు

విలువ రూపాన్ని బట్టి లక్షణాలు వాక్యం, సంఖ్య, తేదీ, అవును-కాదు, జాబితా ఎంపిక, ఫైలు, మరో వ్యక్తికి లంకె అని ఉంటాయి. అంకెలతో కనిపించేవన్నీ సంఖ్యలు కావు. ఫోన్ నంబరు, యూడైస్ కోడ్, బ్యాంకు ఖాతా నంబరును సంఖ్యా రకంగా పెడితే ముందున్న సున్నాలు పోతాయి. వాటిని కూడడం, తీసివేయడం ఎవరికీ అవసరం లేదు. అక్షరాల గడిలోనే ఉంచాలి.

విలువల సంఖ్యను బట్టి ఏక, బహు విలువల లక్షణాలు. పుట్టిన తేదీ ఒకటే. తెలిసిన భాషలు అనేకం. బహు విలువలను ఒకే గడిలో కామాలతో ఇరికించడం తరచూ కనిపించే దురలవాటు.

షరతుతో వచ్చే లక్షణాలు మరో రకం. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉద్యోగులకు కంట్రిబ్యూటరీ పింఛను పథకం వర్తిస్తుంది. వారికి ప్రాన్ అనే 12 అంకెల శాశ్వత పింఛను ఖాతా సంఖ్య ఉంటుంది. అంతకు ముందు చేరినవారికి భవిష్య నిధి ఖాతా ఉంటుంది. ‘ప్రాన్ తప్పనిసరి’ అని అందరికీ పెడితే సీనియర్లు ఫారం సమర్పించలేరు. ఎవరికీ తప్పనిసరి చేయకపోతే అవసరమైనవారు కూడా వదిలేస్తారు. పింఛను విధానం అనే గడి విలువను బట్టి ప్రాన్ గడి తెరుచుకోవాలి.

లెక్కతో వచ్చే లక్షణాలను దాచాలా, అడిగినప్పుడు లెక్కకట్టాలా అన్నది పాత చర్చ. పదవీ విరమణ తేదీ దీనికి మంచి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయసు 1983లో 58 నుంచి 55కు తగ్గింది, తర్వాత 58కి తిరిగి వచ్చింది. రాష్ట్ర విభజన జరిగిన 2014లో 60 అయింది, 2022 జనవరి 1 నుంచి 62 అయింది. విరమణ తేదీని నేరుగా టైపు చేసి దాచిన వ్యవస్థ, వయసు మారిన ప్రతిసారీ లక్షల విలువలను దిద్దుకోవాలి. పుట్టిన తేదీని, నియమాన్ని విడిగా ఉంచిన వ్యవస్థలో ఒక అంకె మారిస్తే సరి. వయసును లక్షణంగా దాచడం అంతకంటే పెద్ద పొరపాటు. అది నమోదైన ఏడాది లోపే అబద్ధమైపోతుంది.

నిల్వ పద్ధతులు

ముందుచూపుతో కొన్ని ఖాళీ గడులను వదిలి ఉంచడం అన్నిటికంటే సులువైన పద్ధతి. మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ యాక్టివ్ డైరెక్టరీకి చేర్చే ‘ఎక్స్‌టెన్షన్ యాట్రిబ్యూట్’ గడులు 15 ఇలాంటివే. వాటికి పేర్లుండవు, వరుస సంఖ్యలే ఉంటాయి. ఏడో గడిలో ఏముందో రాసిపెట్టిన కాగితం పోతే, రాసిన ఉద్యోగి బదిలీ అయితే, ఆ గడిని ముట్టుకోవడానికి తర్వాత వచ్చినవాళ్లు జంకుతారు.

వ్యక్తి, లక్షణం, విలువ అనే మూడు నిలువు వరుసలతో ఒక పొడవైన పట్టిక పెట్టడం రెండో పద్ధతి. కొత్త లక్షణం వస్తే పట్టిక ఆకారం మారదు, కొత్త వరుసలు చేరతాయి అంతే. ‘జిల్లా పరిషత్ యాజమాన్యం, గణితం, ఎనిమిదేళ్ల సర్వీసు’ వంటి మూడు షరతుల ప్రశ్న అడిగితే మాత్రం అదే పట్టికను మూడుసార్లు కలపాల్సి వచ్చి వేగం పడిపోతుంది. జావా పోర్టళ్లలో పేరున్న లైఫ్‌రే తన కస్టమ్ ఫీల్డులను ‘ఎక్స్‌పాండో’ పట్టికల్లో విడిగా దాస్తుంది.

పేరు-విలువల జతలను ఒకే పాఠంగా రాసే జేసన్ గడి మూడో పద్ధతి. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో 2012 నుంచి జేసన్ రకం, 2014 నుంచి సూచికలకు అనువైన జేసన్‌బి రకం ఉన్నాయి. అదనపు లక్షణాలన్నిటినీ ఒకే గడిలో పెట్టి, ఎక్కువగా వెతికే వాటికి సూచిక కట్టవచ్చు.

సాప్ సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగి వివరాలు ‘ఇన్ఫోటైపు’లుగా విడిపోయి ఉంటాయి. వ్యక్తిగత వివరాలు 0002, చిరునామా 0006, బ్యాంకు వివరాలు 0009. కొనుగోలు చేసిన సంస్థ సొంతంగా చేర్చుకోవడానికి 9000 నుంచి 9999 వరకు సంఖ్యలను విడిచిపెట్టారు. ప్రతి నమోదుకూ ‘ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు’ అనే తేదీలు ఉండడం ఈ పద్ధతిలోని బలం. 2018లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సమగ్ర ఆర్థిక నిర్వహణ వ్యవస్థ (సీఎఫ్‌ఎంఎస్) సాప్ పునాదిగా కట్టినదే. ఉద్యోగులకు అందులో వచ్చిన సీఎఫ్‌ఎంఎస్ ఐడీ ఇప్పుడు ట్రెజరీ ఐడీతోపాటు తప్పనిసరి గుర్తింపుగా స్థిరపడింది.

చేర్చే విధానం

ఏ ఉత్పత్తిలోనైనా మెట్లు దాదాపు ఒకటే. కీ, లేబుల్, రకం, పొడవు నిర్ణయించాలి. విలువ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. ఎవరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు, తప్పనిసరా కాదా, వెతుకులాటలో కనిపించాలా వద్దా అన్నవి తేల్చాలి. ఆ తర్వాతే తెరమీద గడి పెట్టాలి. చాలా సంస్థల్లో ఈ క్రమం తలకిందులవుతుంది. పై నుంచి ‘రేపటికల్లా వివరాలు కావాలి’ అనే ఆదేశం రాగానే గడి పుడుతుంది, అర్థం తర్వాత వెతుక్కుంటారు.

షేర్‌పాయింట్ సర్వర్‌లో ఈ పని యూజర్ ప్రొఫైల్ సర్వీసులోని ‘మేనేజ్ యూజర్ ప్రాపర్టీస్’ పుటలో జరుగుతుంది. కొత్త లక్షణాన్ని యాక్టివ్ డైరెక్టరీలోని ఒక గడికి జతచేయవచ్చు, లేదా ఉద్యోగి చేతే నింపించవచ్చు. గోప్యతలో ‘అందరికీ’ మొదలుకొని ‘నాకు మాత్రమే’ వరకు స్థాయిలుంటాయి. లైఫ్‌రేలో కంట్రోల్ ప్యానెల్‌లోని కస్టమ్ ఫీల్డుల విభాగంలో ‘యూజర్’ వనరును ఎంచుకుని గడిని చేరుస్తారు. కీ, రకం ఒకసారి పెట్టాక మారవు. తొందరలో తేదీకి బదులు వాక్యం రకం పెట్టినవారు కొత్త లక్షణం సృష్టించి పాత విలువలను తరలించుకోవలసిందే.

లాగిన్‌లను నిర్వహించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కీక్లోక్‌లో పూర్వం ఏ పేరుతోనైనా ఏ విలువనైనా వినియోగదారుకు తగిలించేవారు. 2024 మార్చిలో వచ్చిన 24వ సంచిక నుంచి నిర్వచనం ముందు, విలువ తర్వాత అనే పద్ధతి అప్రమేయంగా అమలైంది. ప్రతి లక్షణానికీ పరీక్షలు, చూసే అనుమతి, మార్చే అనుమతి విడిగా పెట్టాలి. నిర్వచించని లక్షణాలను నిర్వాహకుడు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప వ్యవస్థ తీసుకోదు.

లక్షణం చేర్చినంత మాత్రాన ఇతర అనువర్తనాలకు అందదు. లాగిన్ సమయంలో పోర్టల్ ఇచ్చే టోకెన్‌లో ఆ లక్షణాన్ని చేర్చాలి. ఓపెన్ఐడీ కనెక్ట్ (2014) ప్రమాణం పేరు, ఈమెయిలు, పుట్టిన తేదీ వంటి కొన్ని వివరాలకు స్థిరమైన పేర్లు ఇచ్చింది. మిగతావి సంస్థ సొంత పేర్లతో వెళ్తాయి. ఉన్న లక్షణాలన్నిటినీ టోకెన్‌లో నింపితే అది ఉబ్బి, వెబ్ సర్వర్లు శీర్షిక పరిమాణానికి పెట్టుకున్న పరిమితి దాటి లాగినే ఆగిపోతుంది. ఏ అనువర్తనానికి ఏది కావాలో అదే పంపాలి.

పేర్లు, లిపి

ఎల్‌డాప్‌లోని ‘పర్సన్’ తరగతికి ఇంటిపేరు తప్పనిసరి. తెలుగువారికి ఇంటిపేరు ఉన్నా అది ముందుంటుంది, తరచూ పొడి అక్షరంగా మిగులుతుంది. సొంత పేరు ముందు, ఇంటిపేరు తర్వాత అనే లెక్కతో కట్టిన పోర్టల్ గుర్తింపు కార్డుమీద పేరును తిరగేసి అచ్చువేస్తుంది. ఆధార్‌లో ఒక క్రమం, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకొకటి, బ్యాంకు ఖాతాలో మూడోది ఉండటం వల్ల పేర్లు సరిపోలక పనులు ఆగడం తెలిసిందే. ‘ఎస్‌ఎస్‌సీ ప్రకారం పేరు’, ‘ఆధార్ ప్రకారం పేరు’ అని రెండు అదనపు లక్షణాలు పెట్టడం వికారంగా కనిపించినా నిజాయితీగల పరిష్కారం.

తెలుగు లిపిలో విలువలు దాచేటప్పుడు పొడవు లెక్క మారుతుంది. ‘శ్రీనివాసరావు’ చూపుకు ఆరు అక్షరాలు. యూనికోడ్‌లో 13 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కాబట్టి 39 బైట్లు. 30 బైట్ల గడిలో ఈ పేరు మధ్యలో తెగిపోతుంది. ‘రాజ్‌కుమార్’ వంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. ఒకరు దానితో, ఒకరు అది లేకుండా టైపు చేస్తే వెతుకులాటకు అవి రెండు పేర్లు. నమోదు సమయంలోనే ఇలాంటి గుర్తులను ఏకరీతిగా మార్చే ఏర్పాటు ఉండాలి.

విలువకు బాధ్యులు

గడి చేర్చడం ఒక పూట పని. ఆ గడిలోని విలువకు ఎవరు పూచీ అన్నది ఆ గడి ఉన్నంత కాలం సాగే పని. సాధారణంగా మూడు దారులున్నాయి. ఉద్యోగి తానే నింపుతాడు, పై అధికారి లాగిన్‌లో నింపుతారు, మరో వ్యవస్థ నుంచి దానంతట అది వస్తుంది. ఫోన్ నంబరుకు మొదటి దారి చాలు. చేరిన తేదీకి రెండోది కావాలి. ఆ తేదీ ఎస్సార్‌లో ఉంది, ఎస్సార్ డీడీవో దగ్గర ఉంది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలకు మండల విద్యాధికారి డీడీవోగా ఉంటారు. ఒకరు నమోదు చేయడం, మరొకరు సరిచూసి ఆమోదించడం అనే మేకర్-చెకర్ పద్ధతి ట్రెజరీ బిల్లుల నుంచి ప్రొఫైల్ వివరాలకూ వచ్చింది.

ఒకే వివరాన్ని రెండు పోర్టళ్లు విడివిడిగా అడిగితే కొంతకాలానికి రెండూ వేర్వేరు జవాబులు చెబుతాయి. అందుకే ప్రతి లక్షణానికీ ఒకే మూల వ్యవస్థ ఉండాలని, మిగతావి దాన్నుంచి చదువుకోవాలని నియమం. జీతానికి ఒకటి, హాజరుకు ఒకటి, బదిలీలకు ఒకటి అని పోర్టళ్లు పెరిగిన చోట ఈ నియమం పాటించడం కష్టం. ముఖ గుర్తింపు హాజరు 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో ప్రవేశించాక, ఉపాధ్యాయుడు ఏ బడిలో ఉన్నాడన్న గడి రోజూ పరీక్షకు నిలబడవలసి వచ్చింది. డిప్యుటేషన్‌మీద వేరే బడికి వెళ్లినవారికి ‘పోస్టు ఉన్న బడి’, ‘పనిచేస్తున్న బడి’ వేరు.

విలువను నమోదు సమయంలోనే పరీక్షించే సాధనాలు కొన్ని లక్షణాలకు సహజంగా ఉన్నాయి. ఆధార్‌లోని 12వ అంకె వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కించిన పరీక్ష అంకె. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టిస్తుంది. ఐఎఫ్‌ఎస్ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నాయే.

రూపం సరిగ్గా ఉన్నంత మాత్రాన విలువ చెల్లుతుందని కాదు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ శాఖల ఐఎఫ్‌ఎస్ కోడ్‌లు తర్వాత మారాయి. గుంటూరు ప్రాంతంలో పనిచేసిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఇతర గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఇలాంటి సందర్భాల్లో ఖాతాదారు ఏ తప్పూ చేయకుండానే అతని ప్రొఫైల్‌లోని విలువ పాతబడిపోతుంది. బాధ్యత ఉద్యోగిమీద వదిలేయకుండా పాత కోడ్ నుంచి కొత్త కోడ్‌కు మ్యాపింగ్ పట్టిక పెట్టడం పోర్టల్ నిర్వాహకుల పని.

అనుమతుల్లో లక్షణాల పాత్ర

తొలినాళ్లలో పోర్టళ్లు హోదాను బట్టి తలుపులు తెరిచేవి. లక్షణాలను బట్టి నిర్ణయించే పద్ధతికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014 జనవరిలో ఒక మార్గదర్శి ప్రచురించింది. ‘మండల విద్యాధికారి’ అన్న హోదా రాష్ట్రమంతటా ఒకటే. ఆ హోదాకు ‘మండలం’ లక్షణాన్ని కలిపితేనే వెల్దుర్తి అధికారికి వెల్దుర్తి బడులు మాత్రమే కనిపిస్తాయి. ఆ లక్షణం కోడ్‌గా కాక పేరుగా నమోదై ఉంటే కర్నూలు జిల్లాలోని వెల్దుర్తి వివరాలు కూడా తెరుచుకునే ప్రమాదముంది. అనుమతులను నిర్ణయించే లక్షణాన్ని వినియోగదారు తానే మార్చుకునే వీలు ఎన్నడూ ఉండకూడదు.

గోప్యత, చట్టం

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పు ప్రైవేటు సంస్థలకు ఆధార్ వాడకానికి వీలిచ్చిన సెక్షను భాగాన్ని కొట్టివేసింది. ఆధార్ సంఖ్యలను దాచే సంస్థలు వాటిని విడి భద్రపేటికలో ఉంచి, మిగతా పట్టికల్లో బదులు సంకేతాన్ని మాత్రమే వాడాలని ఆధార్ జారీచేసే యూఐడీఏఐ 2017లో ఆదేశించింది. కాబట్టి ఆధార్‌ను మామూలు అదనపు లక్షణంగా చేర్చడం నియమ విరుద్ధం.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. ఉద్యోగ అవసరాలకు వివరాలు వాడుకోవడం చట్టం గుర్తించిన సమ్మత ప్రయోజనాల్లో ఒకటి. అయినా ఏ ప్రయోజనానికి ఏ వివరం అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. దంపతుల కోటా కోసం జీవిత భాగస్వామి పనిచేసే చోటు అడగడం సమంజసం. ఆరోగ్య కారణాలతో బదిలీ కోరిన వ్యక్తి జబ్బు పేరు జిల్లాలోని ప్రతి లాగిన్‌కూ కనిపించడం కాదు. సీనియారిటీ జాబితాను అభ్యంతరాల కోసం బహిరంగంగా పెట్టడం తప్పనిసరి. అందులో ఏయే నిలువు వరుసలు ఉండాలన్నది ప్రతిసారీ తూచి తీసుకోవలసిన నిర్ణయం. పారదర్శకత, గోప్యత ఇక్కడ నిజంగానే ఎదురుపడతాయి. రెండు వైపులా వాదనకు బలముంది.

లక్షణాల విరమణ

చేర్చిన లక్షణాలను తీసేసే సంస్థలు తక్కువ. యాక్టివ్ డైరెక్టరీలో ఒకసారి స్కీమాలో చేరిన లక్షణాన్ని తొలగించడం అసలు సాధ్యం కాదు, నిష్క్రియం చేయడమే వీలు. అందుకే అక్కడ స్కీమా మార్పును ముందు ప్రయోగశాలలో పరీక్షించి, ప్రత్యేక అనుమతి ఉన్న నిర్వాహకులతోనే చేయిస్తారు. ఇతర వ్యవస్థల్లో తొలగించవచ్చు గానీ, ఆ గడిని ఏ నివేదిక, ఏ అనువర్తనం చదువుతోందో తెలియనిదే తీయడం ప్రమాదం. మొదట నమోదు ఆపి, తర్వాత తెరమీంచి దాచి, కొంతకాలం ఎవరూ అడగకపోతే విలువలను భద్రపరచి తీసేయడం వాడుకలో ఉన్న క్రమం.

కొన్ని లక్షణాలకు ఆయువు నిర్వాహకుల చేతిలో ఉండదు. ‘ఉమ్మడి జిల్లా’ గడి అలాంటిది. పాత యూనిట్ కింద నియమితులైనవారిలో చివరి వ్యక్తి సీనియారిటీ లెక్క ముగిసేదాకా ఆ గడి ఉండాలి. 2025 మెగా డీఎస్సీలో పాతికేళ్ల వయసులో ఎంపికైన ఉపాధ్యాయుడు ఇప్పటి నిబంధన ప్రకారం 2062 ప్రాంతంలో విరమణ చేస్తాడు.